ఫిజిక్స్ చదివాక కూడా ఈ విశ్వాన్ని దేవుడే సృష్టించాడని నమ్మేవాళ్లున్నారా?

ఉన్నారు, నేనే ఉన్నాను. జూనియర్ కాలేజీలో ముప్పై ఏళ్లు ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను. దీపం పెట్టి దండం పెట్టుకున్నాకే క్లాసుకు వెళ్లేవాణ్ణి. ఈ రెండూ ఒకే మనిషిలో ఎలా ఇముడుతాయని అడిగారు. నా నమ్మకం ఎక్కడ మొదలైందో చెబుతాను.

1980 ఫిబ్రవరి 16. మాది నల్లగొండ దగ్గర పల్లె, నాకు పన్నెండేళ్లు. సంపూర్ణ సూర్యగ్రహణం మా మీదుగానే పోయింది. జపాల్-రంగాపూర్‌లో ఉస్మానియా యూనివర్సిటీ అబ్జర్వేటరీకి దేశదేశాల శాస్త్రవేత్తలు వచ్చారని మా సైన్సు సారు చెప్పాడు. ఊళ్లో మాత్రం మధ్యాహ్నానికే తలుపులు పడ్డాయి. నాయనమ్మ పచ్చడి జాడీల మీద గరిక వేసి, నన్ను లోపల కూచోబెట్టింది. నేను దొడ్డిదారిన బడికి ఉరికాను.

సారు పైకి చూడనివ్వలేదు. చింతచెట్టు కింద నేలను చూడమన్నాడు. ఆకుల సందుల్లోంచి పడే వెలుగు చుక్కలన్నీ నెలవంకలైపోయాయి, వందలకొద్దీ! అవి సన్నబడుతున్నకొద్దీ ఎండ బూడిదరంగుకు తిరిగింది. కాకులు గూళ్లకు మళ్లాయి. మూడున్నర దాటాక ఒక్కసారిగా చీకటి. ‘ఇగ చూడుండ్రి’ అన్నాడు సారు. సూర్యుడున్న చోట నల్లటి బిళ్ల, దాని చుట్టూ జుట్టు విరబోసినట్టు తెల్లటి వెలుగు. పైన ఎత్తులో శుక్రుడు. అంతా రెండు నిమిషాలకు అటూ ఇటూ. నాకు తెలియకుండానే చేతులు జోడించాను.

కానీ ఆ రాత్రి నిద్ర పట్టనివ్వనిది ఇంకొకటి. గ్రహణం ఎన్ని గంటలకు పడుతుందో సారు పొద్దున్నే నల్లబల్ల మీద రాసిపెట్టాడు. సరిగ్గా అప్పుడే పట్టింది. ఎట్ల తెలిసింది సార్ అంటే, ‘లెక్కరా’ అన్నాడు. ఎక్కడో తిరిగే చంద్రుడు మన పలక మీది లెక్కకు ఎందుకు లొంగాలి? నియమం ఉంది కాబట్టి. మరి ఆ నియమం ఎక్కడిది? ముప్పై ఏళ్లు ఆ నియమాలే పాఠంగా చెప్పాను, ఈ ప్రశ్న మాత్రం అలాగే ఉండిపోయింది. సృష్టికర్త అని నేను మొక్కేది అక్కడ. తెలియని చోటల్లా దేవుణ్ణి కూర్చోబెడితే, తెలిసినకొద్దీ ఆయన్ని లేపాల్సి వస్తుంది. నాకైతే తెలిసినకొద్దీ భక్తి పెరిగింది.

దీన్ని రుజువుగా మాత్రం తీసుకోకండి. ఆ తప్పు నేను చేశాను. సూర్యుడి వ్యాసం చంద్రుడి వ్యాసానికి దాదాపు 400 రెట్లు, మన నుంచి దూరమూ దాదాపు 400 రెట్లే. అందుకే చంద్రుడు మూత పెట్టినట్టు సూర్యుణ్ణి కప్పేస్తాడు. ఇది దేవుడు కొలిచి పెట్టిందేనని క్లాసులో చెప్పేవాణ్ణి. ఒకసారి ఒకమ్మాయి లేచి, ‘చంద్రుడు ఏటా 3.8 సెంటీమీటర్లు దూరం జరుగుతున్నాడు గద సార్, మరి ఆ కొలత ఎన్నాళ్లుంటది?’ అంది. నా దగ్గర జవాబు లేదు. ఆ మాట చెప్పడం మానేశాను.

విశ్వానికి ఒక మొదలుందనే బిగ్ బ్యాంగ్ ఆలోచనకు ఆద్యుడైన జార్జ్ లెమైత్ర్ బెల్జియంకు చెందిన క్యాథలిక్ ఫాదర్. 1951లో పోప్ 12వ పయస్ ఆ సిద్ధాంతం సృష్టిని బలపరుస్తోందన్నట్టు మాట్లాడితే, అందరికన్నా సంతోషించాల్సిన ఆయనకే అది నచ్చలేదు. సిద్ధాంతాన్ని మతంతో ముడిపెట్టవద్దనేవాడు. నా దృష్టిలో నిజమైన భక్తుడంటే ఆయనే.

అనుమానం రాదా అంటారా? వస్తుంది. నాయిన ఆస్పత్రిలో ఉన్నప్పుడు బాగా వచ్చింది. మొసలి పట్టులో ఉన్న గజేంద్రుడికే ఉన్నాడో లేడో అనిపించింది, నేనెంత? అనుమానపడుతూనే పిలిచాడాయన. నేనూ అంతే.

ఆ రోజు గ్రహణం విడిచాక ఇంటికొస్తే నాయనమ్మ తిట్టి, బావి దగ్గర నెత్తిన నాలుగు బిందెలు కుమ్మరించింది. రోజూ సూర్యుడికి నీళ్లు వదిలి మొక్కే మనిషి. రాత్రి ఆమె పక్కలో పడుకుని చూసిందంతా చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చివరికి, ‘నన్ను గూడ పిల్వకపోతివి గదరా’ అంది.

2034 మార్చి 20న సంపూర్ణ గ్రహణం కాశ్మీర్ మీదుగా పోతుంది. ఇంట్లో అందరికీ ఇప్పుడే చెప్పి పెట్టాను.