మలైకాజా తిన్న నోటికి టీ చప్పన

సెలవల ప్రయాణాల మీద పాఠకుల సందేహాలు, సమాధానాలు. ఈసారి ఉత్తరాలన్నీ ఒకే బాధ చుట్టూ తిరిగాయి: థీమ్ పార్కు రుచి మరిగాక మిగతా ఊళ్ళు కంటికి ఆనడం లేదని.

ప్రశ్న: మా పిలకాయలిద్దరికీ పదేళ్ళు, ఏడేళ్ళు. మూడేళ్ళుగా ఎండాకాలం సెలవలకి మద్రాసు దగ్గర ఒక పార్కుకే పోతున్నాం. పోయిన డిసెంబర్లో అరకు తీసుకెళ్తే రెండోరోజుకే "ఇక్కడేముందమ్మా, పార్కుకి పోయుంటే పోయేది గదా" అని ఒకటే గోల. పార్కు మానిపించేయాలా?
(ఒక తల్లి, కావలి)

జవాబు: మానిపించొద్దండి, పార్కు తప్పేమీ లేదు. మన నెల్లూరు మిఠాయి మలైకాజా తిన్న నోటితో టీ తాగి చూడండి, చక్కెర మరిచిపోయారేమో అనిపిస్తుంది. టీలో చక్కెర రోజూ వేసినంతే ఉంది. ఒక గుక్క మంచినీళ్ళు తాగి కాసేపాగితే ఆ టీయే బాగుంటుంది. అరకుకి జరిగింది ఇదే.

అయితే పార్కు తీపి అంత గట్టిగా ఎందుకు నిలుస్తుందో తెలిస్తేనే మీ చేతిలో ఏముందో తెలుస్తుంది. ఒక రైడు రెండు మూడు నిమిషాలకు మించదు. రద్దీ రోజున పది రైడ్లు ఎక్కారనుకున్నా అన్నీ కలిపి అరగంట. మిగతా ఏడెనిమిది గంటలు క్యూలో, నడకలో, తిండి దగ్గర గడిచిపోతాయి. అయినా పిల్లలకి విసుగు రాదు. క్యూలో ఉన్నంతసేపూ రాబోయేది కళ్ళ ముందే ఉంటుంది కాబట్టి. పైనుంచి కేకలు వినబడతాయి, బండి ఎక్కడిదాకా వచ్చిందో కనబడుతుంది, మన ముందు ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టుకోవచ్చు. 1955లో కాలిఫోర్నియాలో డిస్నీలాండ్ తెరిచినప్పుడే వాల్ట్ డిస్నీ గేటు దాటగానే వీధి చివర కోట కనబడేట్టు కట్టించాడు. కోట కనబడితే కాళ్ళు వాటంతటవే అటు నడుస్తాయి.

అరకులో పిల్లలకి ఆ ఏర్పాటు ఎవరు చేస్తారు? కార్లో కూర్చోబెట్టి, ఒకచోట దించి, "చూడండి ఎంత బాగుందో" అంటాం. ఏం రాబోతోంది, ఎంతసేపట్లో వస్తుంది, అక్కడ తన పనేమిటి అనేది పిల్లవాడికి తెలీదు. ఆ మూడూ మీరే అందించాలి. ముందురోజు రాత్రి ఒక కాగితం మీద రేపటి దారి వాళ్ళచేతనే గీయించండి. ఆగే చోట్లు మూడు చాలు. నాలుగోది పెడితే రెండోదాని దగ్గరే "ఇంకెంతసేపు" మొదలవుతుంది. అన్నిటికన్నా ఊరించేదాన్ని చివర పెట్టి, దాని సంగతి పొద్దున్నుంచీ కొంచెం కొంచెం చెబుతూ ఉండండి. ఒక్కొక్కరికి ఒక పని అప్పజెప్పండి. విశాఖ నుంచి అరకుకి రైల్లో పోతే దారిలో సొరంగాలు లెక్కపెట్టడం పెద్దపిల్లల పని. బొర్రా గుహల్లో రాళ్ళు ఏ జంతువులా ఉన్నాయో పట్టుకోవడం చిన్నపిల్లల పని. రోజుకి ఒక్క నిర్ణయం పూర్తిగా వాళ్ళకి వదిలేయండి. వాళ్ళు ఎంచుకున్నది మీకు నచ్చకపోయినా మార్చొద్దు.

మరొకటి మనసుకి కాస్త కష్టంగా ఉన్నా చెప్పాలి. చాలా ఇళ్ళల్లో ఈ పోలిక మొదలుపెట్టేది పెద్దలే. "అంత పెద్ద పార్కు చూసిన పిలకాయలు, వీళ్ళకిది ఆనుతుందా" అని చుట్టాల ముందు మురిపెంగా అంటాం. ఆ మాట ఊరికే పోదు. మనస్తత్వ శాస్త్రవేత్తలు జోర్డి క్వాయిడ్‌బాక్, ఎలిజబెత్ డన్ తదితరులు 2015లో ప్రచురించిన పరిశోధన ఒకటుంది. బోస్టన్‌లో ఓల్డ్ నార్త్ చర్చి చూడ్డానికొచ్చిన టూరిస్టులకి ఊళ్ళ పట్టిక ఇచ్చి, చూసినవాటికి టిక్కు పెట్టమన్నారు. కొందరి పట్టికలో అందరూ తిరిగే ఊళ్ళు, కొందరి పట్టికలో అరుదుగా వెళ్ళేవి. టిక్కులు ఎక్కువ పడినవాళ్ళకి "నేను బాగా తిరిగినవాణ్ణి" అనిపించింది, వాళ్ళు ఆ చర్చిలో తక్కువసేపే ఉన్నారు. నిజంగా ఎంత తిరిగారనేది అక్కడ లెక్కలోకి రాలేదు, తిరిగామన్న భావనే చూపుని తేలిక చేసింది. కాబట్టి అరకులో ఉన్న నాలుగు రోజులూ పార్కు మాట పెద్దవాళ్ళు ఎత్తకూడదు. పిల్లలు ఎత్తితే "ఔను, అది బాగుంటుంది" అని ఒప్పుకుని అక్కడికి వదిలేయండి. వాదిస్తే పోలిక ఇంకా పెరుగుతుంది.

ప్రశ్న: మే నెలలో హైదరాబాద్ మూడు రోజులు అనుకుంటున్నాం. రామోజీ ఫిల్మ్ సిటీ, వండర్‌లా రెండూ చూడాలి. గోల్కొండ, సాలార్‌జంగ్ మ్యూజియం కూడా. మొదటిరోజే పార్కు చూపిస్తే పిల్లలు కుదురుగా ఉంటారని మావారు. చివర్లో పెడదామని నేను.
(గృహిణి, ఒంగోలు)

జవాబు: మీ మాటే సరైనది. పార్కు మొదట పెడితే మిగతా రెండు రోజులూ దాని నీడలో పడతాయి. చివర పెడితే ముందు రెండు రోజులూ ఎదురుచూపుతో వెలుగుతాయి. విహారయాత్రకి వెళ్ళేవాళ్ళ సంతోషం వెళ్ళకముందే ఎక్కువగా ఉంటుందని, తిరిగొచ్చాక చాలామందికి అది నిలవదని నెదర్లాండ్స్‌లో చేసిన ఒక పరిశోధన 2010లో తేల్చింది. ఆ ముందు సంతోషాన్ని పిల్లలకి రెండు రోజులు ఎక్కువ ఇవ్వగలిగితే ఎందుకు వదులుకోవాలి?

కాకపోతే రెండు పార్కులూ ఒకే ట్రిప్పులో వద్దు. వరసగా రెండు రోజులు పార్కులైతే రెండోదాన్ని మొదటిది మింగేస్తుంది. రామోజీలో సినిమా సెట్లు, బస్సులో తిప్పి చూపించడం, ప్రదర్శనలు ప్రధానం. వండర్‌లాలో ఎత్తైన రైడ్లు, నీటి ఆటలు ప్రధానం. మీ పిల్లలు దేనికి పడిపోతారో మీకే తెలుసు. వండర్‌లా అయితే బయల్దేరే ముందు ఇంట్లో గోడకి నిలబెట్టి ఎత్తు కొలవండి. అక్కడ పిల్లల టికెట్టు వయసుని బట్టి కాదు, ఎత్తుని బట్టి. ప్రతి పెద్ద రైడు దగ్గరా ఎత్తు గీత ఉంటుంది. ముప్పావుగంట క్యూలో నిలబడ్డాక గీత దగ్గర ఆపేస్తే ఆ ఏడుపు మధ్యాహ్నం దాకా తగ్గదు. నీళ్ళలోకి నైలాన్ బట్టలే రానిస్తారు. నూలు బట్టల పోగులు ఊడి నీటిని శుభ్రం చేసే ఫిల్టర్లలో ఇరుక్కుంటాయి. ఇంటి నుంచే తీసుకెళ్తే అక్కడ కొనే ఖర్చు తప్పుతుంది.

సింహపురి ఎక్స్‌ప్రెస్ రాత్రి ఎక్కితే తెల్లవారే సరికి సికింద్రాబాద్‌లో దిగుతారు. నిద్ర చాలని ఆ రోజు పార్కుకి అసలు పనికిరాదు. ఆ రోజు సాలార్‌జంగ్ పెట్టుకోండి, శుక్రవారం సెలవని గుర్తుంచుకోండి. గంటగంటకీ బొమ్మ బయటికొచ్చి గంట కొట్టే గడియారం అక్కడుంది. పన్నెండింటికి పదిహేను నిమిషాల ముందే దాని ఎదుట చోటు చూసుకుని కూర్చోండి. రెండోరోజు పొద్దున్నే, ఎండ ముదరకముందే గోల్కొండ. కోట గుమ్మం ఫతే దర్వాజా గుమ్మటం కింద ఒకరు చప్పట్లు కొట్టాలి, కొండ మీది బాలాహిస్సార్ దగ్గర ఒకరు వినాలి. కుటుంబం రెండుగా విడిపోయి ఫోన్లో మాట్లాడుకుంటూ చెయ్యండి, మెట్లెక్కిన అలుపు పిల్లలకి తెలీదు. మూడోరోజు పార్కు. తెరవగానే పెద్ద రైడ్లు, భోజనమయ్యాక నీళ్ళు.

చివరి గంటని మాత్రం జాగ్రత్తగా చూసుకోండి. ఒక అనుభవంలో గుర్తుండేది దాని పతాక ఘట్టం, దాని ముగింపు అని మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ కానమన్ చూపించారు. మూసే వేళకి లాకర్ల దగ్గర, బస్సుల దగ్గర తోపులాట ఉంటుంది. ముప్పావుగంట ముందే తడిబట్టలు మార్పించి, కడుపులో ఏదన్నా పడేసి, పిల్లలకి బాగా నచ్చిన చిన్న రైడు ఒకటి చివరగా ఎక్కించి బయటికి రండి. అదే రాత్రికి రైలు టికెట్టు పెట్టుకోవద్దు. సాయంత్రం ట్రాఫిక్కులో స్టేషనుకి పరుగెత్తితే మూడు రోజుల ముగింపూ ఆ పరుగే అవుతుంది. మర్నాడు బయల్దేరండి.

ప్రశ్న: ఏటా ఒకసారి పార్కు అలవాటైపోయింది. కానీ ఈసారి పిల్లలకి ముందంత సరదా కనబడలేదు. ఏటా వెళ్ళడం మంచిదేనా?
(కందుకూరు పాఠకుడు)

జవాబు: రెండేళ్ళకోసారి చెయ్యండి. క్వాయిడ్‌బాక్, డన్ 2013లో ఇంకో ప్రయోగం ప్రచురించారు. వారం రోజులు చాక్లెట్ మానేసినవాళ్ళు తిరిగి తిన్నప్పుడు, ఎప్పట్లా తిన్నవాళ్ళకన్నా, కావలసినంత తిన్నవాళ్ళకన్నా ఎక్కువ ఆస్వాదించారు. పార్కు విషయంలో దీనికి తోడు పిల్లల ఎదుగుదల కూడా ఉంది. ఆ వయసులో ఏడాదికి ఐదారు సెంటీమీటర్లు పెరుగుతారు. ఏటా వెళ్తే చాలాసార్లు అదే గీత కింద నిలబడి అవే రైడ్లు ఎక్కుతారు. రెండేళ్ళాగితే పది పన్నెండు సెంటీమీటర్లు పెరిగి, ఇదివరకు రానివ్వని రైడ్లు కొన్ని తెరుచుకుంటాయి. ఖాళీ ఏడాదిని "ఈసారి లేదు" అని చెప్పొద్దు, "2027 మేలో" అని తేదీ చెప్పండి.

ప్రశ్న: మా అత్తగారికి మోకాళ్ళ నొప్పులు. పార్కులో రోజంతా బెంచీ మీదే. ఇంట్లో ఒక్కరినీ వదలలేం.
(నెల్లూరు)

జవాబు: ఆమెకి ఆ రోజు శిక్షే. పార్కు రోజున పెద్దవాళ్ళలో ఒకరు ఆమెతో గదిలో ఉండిపోండి, సాయంత్రం ఇద్దరూ గుడికో చుట్టాలింటికో వెళ్ళిరండి. మర్నాడు మొత్తం కుటుంబం ఆమె కోరిన చోటికి వెళ్ళాలి. పిల్లలకి ఆ మాట ముందే చెప్పి ఉంచండి.

ప్రశ్న: పార్కంటే పడిచచ్చే పిల్లల్ని మన చుట్టుపక్కల ఎక్కడికి తీసుకెళ్తే నిలుస్తారు? మైపాడు సముద్రం చూసీ చూసీ విసిగిపోయారు.
(ఉపాధ్యాయుడు, నెల్లూరు)

జవాబు: పార్కుతో ఒకే ఆట ఆడని చోట్లు చూడండి. నీటి జారుడుబల్లతో పోటీ పడే ఇంకో చిన్న జారుడుబల్ల ఎప్పుడూ ఓడిపోతుంది. పక్షులూ రాకెట్లూ ఆ పోటీలోనే ఉండవు.

నేలపట్టు పక్షుల కేంద్రం నెల్లూరు నుంచి గంటన్నర ప్రయాణం. అక్టోబరు నుంచి మార్చి దాకా చెరువు నీళ్ళలో నిలబడ్డ కడప చెట్ల మీద గూడబాతులు, నత్తగుల్ల కొంగలు, నీటికాకులు గూళ్ళు కడతాయి. పొద్దున ఏడింటికల్లా అక్కడుండాలి. పది దాటితే ఎండకి పక్షులూ మందగిస్తాయి, పిల్లలూ మందగిస్తారు. బైనాక్యులర్ ఒక్కటే ఉంటే కొట్లాటే, రెండు పట్టుకెళ్ళండి. "ఎన్ని పక్షులు" అని అడగొద్దు, ఎవరికీ లెక్క తేలదు. "ఒక గూడు ఎంచుకో, పదిహేను నిమిషాల్లో తల్లి ఎన్నిసార్లు వచ్చిపోయిందో రాయి" అనండి. అప్పుడు క్యూలో ఉండే ఉత్కంఠే ఇక్కడా పుడుతుంది. అక్కణ్ణుంచి సూళ్ళూరుపేట వచ్చి, శ్రీహరికోట దారిలో పులికాట్ సరస్సు మీదుగా పోయే రోడ్డు ఎక్కితే చలికాలంలో ఫ్లెమింగోలు కనబడతాయి. ఫ్లెమింగోలు చెదిరిపోతాయి కాబట్టి హారన్ కొట్టొద్దు.

శ్రీహరికోటలోని రాకెట్ కేంద్రం షార్‌లో ప్రయోగం చూడాలంటే సందర్శకుల గ్యాలరీకి ముందుగా ఆన్‌లైన్లో పేర్లు నమోదు చేసుకోవాలి, గుర్తింపు కార్డు తప్పనిసరి. ప్రయోగం వాయిదా పడొచ్చని పిల్లలకి బయల్దేరేముందే చెప్పండి, చెప్పకపోతే ఆ నిరాశ మీ మీద పడుతుంది. వాళ్ళకి ఒక లెక్క ఇవ్వండి: వెలుగు కనబడ్డాక శబ్దం కిలోమీటరుకి దాదాపు 3 సెకన్ల ఆలస్యంగా వస్తుంది. ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉంటే నిమిషం. నిప్పు కనబడగానే అంకెలు లెక్కపెట్టడం మొదలుపెడితే, ఆ గర్జన వచ్చి ఛాతీకి తగిలేలోపు ఊపిరి బిగబట్టి నిలబడతారు.

భైరవకోన కూడా మంచి చోటే. కొండని తొలిచిన ఎనిమిది గుహాలయాలు, ఎదుట జలపాతం. కానీ మన ప్రాంతానికి గట్టి వానలు అక్టోబరు, నవంబరులో. మే నెలలో జలపాతం అని ఊరించి తీసుకెళ్తే అక్కడ ఎండిన రాయి కనబడుతుంది. కార్తీకంలో ధార బాగుంటుంది, రద్దీ కూడా అప్పుడే. పౌర్ణమి రోజు వదిలేసి మామూలు రోజున వెళ్ళండి, రాళ్ళ మీద పాకుడు ఉంటుంది కనక పట్టున్న చెప్పులు వేయించండి.

ప్రశ్న: మా అమ్మాయికి పన్నెండేళ్ళు. సింగపూర్లో యూనివర్సల్ స్టూడియోస్ చూసొచ్చినప్పట్నుంచీ ఏ ఊరు పేరెత్తినా పెదవి విరుపే. హైదరాబాద్ పార్కు చూపిస్తే మారుతుందా?
(మార్కాపురం)

జవాబు: ఇప్పుడు వద్దు. ఒక పార్కు మీద ఇంకో పార్కు పెడితే ప్రతి రైడునీ పక్కపక్కన పెట్టి తూకం వేస్తుంది. ఏడాది పాటు పార్కుల జోలికే పోకండి. మీకు నల్లమల గుమ్మంలోనే ఉంది. వానలు పడ్డాక కంభం చెరువు కట్ట మీద ఒక సాయంత్రం నడిపించండి. విజయనగర రాజుల కాలంలో గుండ్లకమ్మకి అడ్డంగా రెండు కొండల నడుమ కట్టిన కట్ట అది, 2020లో ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తింపు పొందింది. తర్వాత దోర్నాల మీదుగా తుమ్మలబైలు అడవి సఫారీ. జీపులో పోయేటప్పుడు ఏ జంతువు కనబడుతుందో, అసలు కనబడుతుందో లేదో డ్రైవరుకీ తెలీదు. బటన్ నొక్కితే డైనోసార్ లేచే చోటు చూసొచ్చిన పిల్లకి ఈ తెలియకపోవడం కొత్తగా ఉంటుంది. పులి గ్యారంటీ అని మాత్రం చెప్పొద్దు. దోర్నాల, శ్రీశైలం దారిని రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు, చీకటి పడకముందే వెనక్కి బయల్దేరండి.