సభ పెట్టబోతున్న మేనకోడలికి

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి, మామయ్య ఆశీస్సులు.

అంత పెద్ద సభ ఏర్పాట్లు నీ భుజాన వేసుకున్నావనీ, వినికిడి తగ్గినవాళ్లకు కూడా ప్రతి మాటా అందాల్సిందేనని పట్టుబట్టావనీ మీ అమ్మ రాసింది. చదివి పొంగిపోయాను. ఆ వెంటనే దిగులు పట్టుకుంది. రెండు చెవులకూ యంత్రాలు పెట్టుకుని సభల్లో కూర్చునేవాణ్ని కనుక, ఇలాంటి ఏర్పాట్లు ఎక్కడ బెడిసికొడతాయో నాకు తెలుసు.

ఎవరికి ఏ సదుపాయం కావాలో నమోదు పత్రంలోనే అడుగు. ముందు వరుసల్లో కుర్చీలు కేటాయించు. వక్త ముఖం మీద వెలుతురు పడాలి. సంజ్ఞాభాష అనువాదకులు ఇద్దరుండాలి. ఇరవై, ముప్ఫై నిమిషాలకొకసారి మారకపోతే అలసటతో మాటలు జారిపోతాయి.

నా భయమంతా మైకు గురించే. ఒక సభలో హాలు చుట్టూ ఇండక్షన్ లూప్ తీగ పరిచారు. మైకులో పడిన మాట ఆ తీగలో విద్యుత్తుగా పారి అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది. వినికిడి యంత్రంలోని టెలికాయిల్ అనే చిన్న తీగచుట్ట దాన్ని అందుకుంటుంది కనుక హాలు ప్రతిధ్వని, పక్కవాళ్ల గుసగుసలు మధ్యలో కలవవు. నేను యంత్రాన్ని టెలికాయిల్‌కు మార్చుకోగానే వక్త నా పక్కనే కూర్చుని మాట్లాడుతున్నట్టు వినిపించింది. తీరా ప్రశ్నల వేళకు, తన గొంతు పెద్దదని ఒకాయన మైకు వద్దని లేచి నిలబడ్డాడు. హాలంతా నవ్వడం చూశాను, ఒక్క ముక్కా వినలేదు. వేదిక మీది నుంచి మాత్రం "మీ మొదటి మాట నిజమే, రెండోది నేను ఒప్పుకోను" అని స్పష్టంగా వినిపించింది. ఏది మొదటిదో, ఏది రెండోదో పక్కనున్నావిడ కాగితం మీద రాసిచ్చేసరికి చర్చ మరో ప్రశ్నకు వెళ్లిపోయింది.

అందుకే చెబుతున్నాను, మైకు లేనిదే ఎవరి ప్రశ్ననూ తీసుకోవద్దని అధ్యక్షులకు ముందే గట్టిగా చెప్పు. మైకు చేరలేకపోతే ప్రశ్నను అధ్యక్షులే తమ మైకులో మళ్లీ చెప్పాలి. నీకు మొహమాటం ఎక్కువ, పెద్దవాళ్లకు ఎలా చెప్పడమని ఊరుకుంటావు. ఊరుకోకు తల్లీ. "వినపడనివాళ్లు చేతులెత్తండి" అని అడిగి సరిపెట్టుకోవద్దు, వినపడనివాడికి ఆ అడగడమూ వినపడదు.

టెలికాయిల్ అన్ని యంత్రాల్లోనూ ఉండదు, వినికిడి తగ్గిన అందరికీ యంత్రాలూ ఉండవు. కాబట్టి తెర మీద శీర్షికలు కూడా నడవాలి, అంటే మాట్లాడే ప్రతి మాటా అప్పటికప్పుడు అక్షరాల్లో కనిపించాలి. అవి కంప్యూటరు రాసేవైనా మనిషి టైపు చేసేవైనా, వక్తల పేర్లు, సాంకేతిక పదాల జాబితా ముందే ఇవ్వు, లేకపోతే తప్పులు పడేది సరిగ్గా వాటి దగ్గరే. ఇంత ఖర్చు ఎవరికోసమని ఎవరైనా అడిగితే, ప్రపంచంలో 150 కోట్ల మందికి పైగా ఏదో ఒక స్థాయిలో వినికిడి లోపం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 నివేదిక చెప్పిన సంగతి వాళ్లకు చూపించు.

లూప్‌ను ముందురోజే, టెలికాయిల్ వాడే మనిషిని హాలులో ప్రతి మూలా కూర్చోబెట్టి పరీక్షించు. ఎవరూ దొరక్కపోతే నాకు కబురు పెట్టు, నేనే వచ్చి కూర్చుంటాను.

మీ మామయ్య