పల్లవి మళ్లీ వచ్చేసరికి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ పాట అందింది. ‘ఈ పండుగకైనా వస్తావా’ అన్న పల్లవి ఎత్తుకోగానే మనసుకు తగిలింది. వలస వెళ్లిన కొడుకు కోసం తల్లి పాడుతున్నదని వేరే చెప్పనక్కర్లేదు. చిక్కంతా చరణాల్లో ఉంది. మొదటి చరణంలో ఆ తల్లి వాకిట్లో ఎదురు చూసింది, రెండో చరణంలో బస్టాండులో ఎదురు చూసింది. చోటు మారింది కానీ సంగతి మారలేదు. పల్లవి ఒక్క పాదంలో చెప్పిన ఎదురుచూపునే మరో ఎనిమిది పాదాల్లో మళ్లీ చెప్పావు.

పాశ్చాత్య పాప్ పాటల్లో తరచుగా కథ చెప్పే వర్స్ ముందు వస్తుంది, అందరూ గొంతు కలిపే కోరస్ తర్వాత వస్తుంది. కోరస్ ఎప్పుడెప్పుడా అని వర్స్ ఊరిస్తుంది. మన పాట చాలావరకు పల్లవితోనే మొదలవుతుంది. అసలు మాట వినేవాడికి ముందే చేరిపోతుంది కాబట్టి చరణానికి ఊరించే అవకాశం తక్కువ. పల్లవి మళ్లీ వచ్చినప్పుడు అవే మాటలు కొత్తగా వినిపించాలి, ఆ భారమంతా చరణం మీదే. తెలుగులో పల్లవి కంటే చరణమే కష్టమని నేను గట్టిగా నమ్ముతాను.

త్యాగరాజు హంసనాదం రాగంలో కట్టిన ‘బంటురీతి కొలువు’ కృతి చూడు. పల్లవిలో రాముణ్ణి కొలువు అడుగుతాడు, అంతే. పల్లవికీ చరణానికీ మధ్య వచ్చే అనుపల్లవిలో స్వరంతో పాటు మాటా పైకి లేస్తుంది. అందులో వచ్చే ‘తుంట వింటివాడు’ అంటే చెరకు విల్లు పట్టిన మన్మథుడు. అతణ్ణీ, మదం మొదలైనవాటినీ ‘నేల గూలజేయు నిజ’ అని అక్కడ ఆపేస్తాడు. వాక్యం పూర్తి కాలేదు. పల్లవి అందుకుంటే ‘నిజ బంటురీతి’ అవుతుంది. ఇందాక వట్టి విన్నపంలా విన్న మాటలోకి ఇప్పుడు పౌరుషం వచ్చింది, ఒక్క అక్షరం మారకుండానే! ఇక చరణంలో ఆ బంటును మన కళ్లముందు నిలబెడతాడు. రోమాంచం కవచం, రామభక్తుడన్న పేరు బంటు ధరించే ముద్రబిళ్ల, రామనామం ఖడ్గం. ఇది చదివితే చాలదు, మంచి గాత్రంలో విను. ‘నిజ’ దగ్గర చెవి పెట్టు.

బాణీ మారకపోతే ఏం చేయాలని అడుగుతావేమో. రామదాసు ‘ఇక్ష్వాకు కుల తిలక’ విను. చరణాలన్నిటికీ ఒకే వరుస. ప్రాకారానికి ఇన్ని వరహాలు, పతకానికి ఇన్ని వరహాలు అని లెక్కలు చెబుతూ చెబుతూ ‘ఎవడబ్బ సొమ్మని’ అని నిలదీస్తాడు. ఆ వెంటనే, దెబ్బలకు ఓర్వలేక తిట్టానని బతిమాలుకుంటాడు. లెక్క కోపమైంది, కోపం వేడుకోలైంది. వరుస మారకపోయినా మనిషి మారుతూ వచ్చాడు.

గొంతు సంగతి కూడా ఒకటి చెప్పాలి. సినిమా బాణీల్లో చరణం తరచుగా పై స్థాయికి వెళుతుంది. అక్కడ సాగే స్వరం మీద ‘ఆ’, ‘ఓ’ లాంటి దీర్ఘాలు వేస్తే గాయకుడి నోరు హాయిగా తెరుచుకుంటుంది. నువ్వు సరిగ్గా అక్కడే ‘నిరీక్షణ’ వేశావు. ‘రీ’ మీద గొంతు బిగుసుకుంటుంది, ఆ వెనకే ‘క్ష’ తగులుతుంది. నువ్వే పైకెత్తి పాడి చూస్తే తెలుస్తుంది.

మొదటి చరణాన్ని వాకిట్లోనే ఉంచు, బాగుంది. బస్టాండు తీసేయి. రెండో చరణంలో ఆ తల్లిని కొడుకుతో ఫోనులో మాట్లాడించు. సెలవు దొరకకపోతే రావద్దులే, ఛార్జీలు దండగ, ఇక్కడ నాకేం లోటు అని ఆమె చేతనే అనిపించు. గొంతులో దిగులు కనబడనీయకు. చివరి పాదం ‘ఫోను పెట్టేయి నాయనా’ అన్నట్టు ముగిసి, ఆ వెంటనే పల్లవి రావాలి. కొడుకుతో అనలేకపోయిన మాట అప్పుడు మనకు వినబడుతుంది. వాద్యాలు కూడా అక్కడ తగ్గించమని సంగీత దర్శకుణ్ణి అడుగు, ఒప్పుకుంటాడు.

పల్లవి ముట్టుకోకు. రెండో చరణం రాసి పంపు.

నీ శ్రేయోభిలాషి