జలుబు సంగతి తర్వాత, ముందు ఆ తల దెబ్బ చూపించండి

ప్రశ్న: మేం అమెరికాలో మినియాపోలిస్ దగ్గర ఉంటాం. బాబుకు ఆరేళ్లు, పాపకు మూడేళ్లు. శనివారం ఇద్దరినీ స్లెడ్డింగ్‌కి (మంచు దిబ్బ మీంచి బల్లలాంటి దాని మీద కిందికి జారే ఆట) తీసుకెళ్లాం. బాబు జారుతూ వెళ్లి కంచెకు గుద్దుకున్నాడు. నుదుటి మీద బొప్పి కట్టింది కానీ కాసేపు ఏడ్చి మళ్లీ ఆడుకున్నాడు. రాత్రికి ఇద్దరికీ దగ్గు, ముక్కు కారడం మొదలైంది. బాబు ఒకసారి వాంతి చేసుకున్నాడు. మా అమ్మ హైదరాబాద్ నుంచి తెచ్చిన జలుబు సిరప్ వేస్తే ఇద్దరూ హాయిగా పడుకున్నారు. మంచులో ఆడితే నిమ్ము చేస్తుందా? ఈ సిరప్ ఎన్ని రోజులు వెయ్యొచ్చు?

జవాబు: అమ్మా, మీరు అడిగింది జలుబు గురించి. నాకు కంగారుగా ఉన్నది మాత్రం తలకు దెబ్బ, ఆ రాత్రి వాంతి, ఆపైన వేసిన సిరప్. ఈ మూడూ ఒకే పిల్లాడికి, ఒకే రోజు.

తలకు దెబ్బ తగిలిన బిడ్డలో మేం మొదట చూసేది మెలకువ. పిలిస్తే లేస్తున్నాడా, మనిషిని గుర్తుపడుతున్నాడా అని. మన దగ్గర దొరికే జలుబు సిరప్‌లలో చాలావాటిలో క్లోర్‌ఫెనిరమిన్ ఉంటుంది, అది మత్తు ఇస్తుంది. మీరు 'హాయిగా పడుకున్నారు' అన్నారు. ఆ నిద్ర మందు వల్లా, దెబ్బ వల్లా అన్నది ఎవరూ తేల్చి చెప్పలేరు. అందుకే మళ్లీ వెయ్యకండి. వాంతి దగ్గు వల్ల కూడా అయ్యుండొచ్చు. బాబును చూడకుండా నేను ఏదీ ఖాయంగా చెప్పను, చెప్పకూడదు.

ఈ సమాధానం మీకు చేరేసరికి రోజులు గడిచి ఉంటాయి. ఇలాంటి విషయం మాకు రాసి ఎదురు చూడాల్సింది కాదమ్మా, ఆ రాత్రే మీ పిల్లల డాక్టరుకు ఫోన్ చేయాల్సింది. అక్కడ చాలా క్లినిక్‌లలో రాత్రిపూట కూడా నర్సు లైన్లోకి వస్తుంది. ఇప్పుడు బాగానే ఉన్నా ఒకసారి చూపించండి. మళ్లీ మళ్లీ వాంతులు, పెరిగే తలనొప్పి, లేపినా లేవనంత మత్తు, తూలడం, ఫిట్స్, కనుపాపల్లో తేడా, వీటిలో ఏది కనిపించినా వెంటనే అక్కడి అత్యవసర నంబరు 911కు ఫోన్ చేయండి. ఇంకొకటి, ముక్కు కారుతోందన్నారు కదా. రెండు వైపులా చీమిడి అయితే జలుబే కావచ్చు. ఒకే వైపు నుంచి నీళ్లలా పలచగా, ముఖ్యంగా వంగినప్పుడు కారుతుంటే మాత్రం వెంటనే ఆస్పత్రికి వెళ్లండి, అది మెదడు చుట్టూ ఉండే ద్రవం కావచ్చు. కంచెకు గుద్దుకున్నాడంటే పొట్టకూ దెబ్బ తగిలి ఉండొచ్చు. కడుపునొప్పి అంటే తేలిగ్గా తీసుకోకండి.

పాప సంగతి. 2023 డిసెంబరులో మన కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థే క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ (ముక్కు దిబ్బడ తగ్గించే మందు) కలిపిన మందును నాలుగేళ్ల లోపు పిల్లలకు వాడొద్దని చెప్పింది. మీ సీసాలో ఏముందో లేబుల్ చదవండి. కొన్నింటిలో పారాసిటమాల్ కూడా ఉంటుంది. అక్కడ ఎసిటమినోఫెన్ అని, టైలినాల్ అని అమ్మేదీ అదే మందు. రెండూ వేస్తే డోసు రెట్టింపై లివర్ మీద పడుతుంది. పైగా అక్కడి పిల్లల సిరప్‌లో 5 మి.లీ.కు 160 మి.గ్రా., మన దగ్గర 120 ఉన్నవీ 250 ఉన్నవీ దొరుకుతాయి. చెంచా లెక్క అస్సలు పనికిరాదు. పొరపాటున ఎక్కువ వేశామనిపిస్తే అక్కడి పాయిజన్ కంట్రోల్ నంబరు 1-800-222-1222, ఎప్పుడైనా పలుకుతారు. అమ్మమ్మలు ప్రేమతో తెస్తారు, కాదనను. ఆవకాయ తెస్తే చాలు, మందులు వద్దు.

మంచు వల్ల నిమ్ము రాదు. జలుబు వైరస్‌తో వస్తుంది, చలికాలం తలుపులు మూసుకుని అందరూ ఒకచోట ఉంటే ఇంకా తొందరగా అంటుకుంటుంది. ముక్కులో సెలైన్ (ఉప్పునీటి) చుక్కలు, పడుకునే ముందు కాస్త తేనె (ఏడాది దాటిన పిల్లలకే) సరిపోతాయి. ఆయాసపడుతున్నా, డొక్కలు ఎగరేస్తున్నా ఆగకుండా డాక్టరుకు చూపించండి.

స్లెడ్డింగ్ మానక్కర్లేదు. బాబుకు డాక్టరు సరేనన్నాకే వెళ్లండి. హెల్మెట్ ఉండాలి, సైకిల్‌దైనా పర్వాలేదు. కూర్చుని, కాళ్లు ముందుకు పెట్టి జారాలి. పాపను ఒంటరిగా వదలకండి, పెద్దవాళ్లతోనే జారనివ్వండి. కింద కంచె, చెట్లు, ఆగిన కార్లు, గడ్డకట్టిన చెరువు ఉన్న దిబ్బ అయితే ఎక్కనే వద్దు. తడిసిన సాక్సులు, గ్లవ్స్ వెంటనే మార్చండి. వేళ్లు తెల్లబడి తిమ్మిరెక్కితే రుద్దకండి, హీటరు దగ్గర పెట్టకండి. గోరువెచ్చటి నీళ్లలో ఉంచి డాక్టరుకు ఫోన్ చేయండి.

బాబును చూపించడానికి వెళ్లేటప్పుడు ఆ సిరప్ సీసా వెంట తీసుకెళ్లండి. ఎంత వేశారో, ఏ టైముకు వేశారో దాచకుండా చెప్పండి.