టికెట్ బేరమాడితే పాయింట్లు పోయాయి, పైసలు పెరిగాయి

"న్యూజెర్సీలో మా తమ్ముడికి స్పీడింగ్ టికెట్ పడింది, లైసెన్సు మీద 4 పాయింట్లు వస్తాయంట, బేరమాడి తగ్గించుకోవచ్చా, లాయర్ కావాలా" అని అడిగారు. టికెట్ అంటే మన చలాన్ లాంటిదే, పాయింట్లంటే లైసెన్సు మీద పడే తప్పుల లెక్క. వాటిని తగ్గించుకోవచ్చు. మా కొడుకు విషయంలో పక్కనే ఉండి చూశాను కాబట్టి ధైర్యంగా చెబుతున్నా. నేను లాయర్ని కాను, వరంగల్‌లో ఆర్టీసీ బస్సు నడిపి రిటైరైన డ్రైవర్ని. బండి సంగతి లాయర్ల కన్నా నాకే ఎక్కువ తెలుసు, అది వేరే ముచ్చట.

2019 ఎండాకాలం. నేనూ మా ఇంటామె వాడి దగ్గరికి పోయాం. ఒక ఆదివారం బ్రిడ్జ్‌వాటర్ వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్లి వస్తున్నాం. నా ఒళ్లో పులిహోర డబ్బా. రోడ్డు ఖాళీగా ఉంది, మావాడు తొక్కేస్తున్నాడు. నేను రెండుసార్లు దగ్గాను. మా ఇంట్లో ఆ దగ్గుకు "మెల్లగా పోరా" అని అర్థం. వాడికి వినబడలేదో, విననట్టు నటించాడో. అంతలో వెనక ఎర్ర లైటు, నీలం లైటు.

మన దగ్గర పోలీసాయన ఆపితే ఏం చేస్తాం? బండి పక్కకు పెట్టి, కాగితాలు పట్టుకుని, దిగి "సార్, సార్" అనుకుంటూ దగ్గరికి పోతాం. కూర్చునే ఉంటే వీడికి పొగరు అనుకుంటారు. ముప్ఫై ఏళ్ల అలవాటు, నేను బెల్టు తీసి డోరు మీద చెయ్యి వేశా. మావాడు నా మోచెయ్యి పట్టుకున్న పట్టు ఇప్పటికీ గుర్తుంది. "బాపూ, దిగకు! చేతులు కనబడేటట్టు పెట్టు!" వాడు నా మీద అరవడం అదే మొదటిసారి. పులిహోర డబ్బా మీద రెండు చేతులూ పెట్టి బొమ్మలా కూర్చున్నా. వెనక సీట్లో మా ఇంటామె గోవింద నామాలు మొదలుపెట్టింది.

వచ్చినాయన మర్యాదగానే మాట్లాడి, టికెట్ రాసిచ్చి పోయాడు. 40 మైళ్ల రోడ్డులో 57. మన లెక్కలో 64 కిలోమీటర్లు పోవాల్సిన చోట 92. ఆ రాష్ట్రంలో లిమిట్ మీద 14 మైళ్ల దాకా ఎక్కువైతే 2 పాయింట్లు, 15 నుంచి 29 అయితే 4, ఆ పైన 5. మొత్తం 12 చేరితే లైసెన్సు సస్పెండ్. ఏడాది పాటు తప్పు చేయకుంటే 3 తీసేస్తారు.

ఇంటికి రాగానే మావాడు ఆన్‌లైన్‌లో కట్టేద్దామన్నాడు. వంద డాలర్ల పైచిలుకు, కడితే పీడా పోతుందని. కాజీపేట పిల్లవాడు ఒకడు వాడితో పాటే ఉండేవాడు, అతనే ఆపాడు. కట్టావంటే తప్పు ఒప్పుకున్నట్టే, పాయింట్లు పడతాయి, ఇన్సూరెన్స్ పెరుగుతుంది అని. మీ తమ్ముడికి ముందు ఈ ముక్క చెప్పండి, కట్టొద్దని. మావాడు కోర్టుకు ఫోన్ చేసి నాట్ గిల్టీ, అంటే తప్పు ఒప్పుకోను అని చెప్పి, తేదీ తీసుకున్నాడు.

కోర్టంటే నేనేదో అనుకున్నా. లోపల జడ్జి ఉన్నాడు కానీ అసలు పని బయట వరండాలో జరుగుతోంది. ఒక టేబుల్, ఫైళ్ల కట్ట, ఊరి తరఫున కేసు నడిపే లాయర్, మున్సిపల్ ప్రాసిక్యూటర్ అంటారు, ఒకాయన. మిర్చి సీజన్లో ఎనుమాముల యార్డులో రైతులు నిలబడ్డట్టు జనం లైన్లో నిలబడ్డారు. మనిషికి రెండు నిమిషాలు. మావాడి వంతు రాగానే ఆయన రికార్డు చూశాడు. పాత టికెట్లేవీ లేవు. స్పీడింగ్ తీసేసి "అన్‌సేఫ్ డ్రైవింగ్" కింద మారుస్తా, పాయింట్లు సున్నా, ఒప్పుకుంటావా అన్నాడు. మావాడు తలూపాడు. దానికి ఫైన్ వేరే, కోర్టు ఖర్చు వేరే, పైన 250 డాలర్ల సర్‌చార్జి. అంతా కలిపితే నాలుగు వందల దగ్గరికి పోయింది.

"ఒరేయ్, ఇదేం బేరంరా? బేరమాడితే తగ్గాలి కానీ మూడింతలు పెరుగుతదా?" అన్నా. మా ఇంటామె అయితే అక్కడే వదిలేసి, వాడు వెనక నుంచి పిలిచేదాకా నడిచేది. కూరగాయల దగ్గర ఆమె పద్ధతి అదే. మావాడు ఫోన్లో లెక్క వేసి చూపించాడు, 4 పాయింట్లు పడితే మూడేళ్లలో ఇన్సూరెన్స్ వాళ్లు అంతకన్నా ఎక్కువే గుంజుతారని. అంటే అక్కడ పైసలు పోసి మచ్చ చెరిపేసుకుంటారు. లోపల జడ్జి "ఎవరైనా బలవంతం చేశారా? జాగ్రత్త లేకుండా నడిపావా?" అని అడిగాడు. మావాడు మొదటిదానికి "నో", రెండోదానికి "యెస్, యువర్ ఆనర్" అన్నాడు. జాగ్రత్త లేకుండా నడిపానన్న మాట ఇంట్లో ఒక్కసారీ ఒప్పుకోలేదు.

మన దగ్గర దీనికి తలకిందులు. ఇక్కడ బేరం ఎప్పుడూ పైసల మీదే, లైసెన్సు జోలికి ఎవరూ పోరు. 2023లో జనగామ దగ్గర నా కారుకు ఓవర్ స్పీడ్ చలాన్ పడింది. వెయ్యి జరిమానా, 35 యూజర్ చార్జీ. స్పీడ్ గన్ చెట్టు చాటున పెట్టారు, అయినా తప్పు నాదే, ఆ రాత్రే కట్టేశా. మా పక్కింటాయనకు పదకొండు చలాన్లు. 2022 మార్చిలో బైకులకు 75 శాతం, కార్లకు 50 శాతం మాఫీ ఇచ్చారు కదా, మళ్లీ ఇస్తారని కూర్చున్నాడు. డిసెంబర్లో ఇచ్చారు, ఈసారి బైకులకు 80, కార్లకు 60. అన్నీ కట్టేసి వచ్చి "అన్నా, నువ్వు తొందరపడ్డవ్" అన్నాడు. నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

2017 ఆగస్టులో మన తెలంగాణలోనూ పాయింట్లు తెచ్చారు. 24 నెలల్లో 12 అయితే ఏడాది సస్పెన్షన్ అన్నారు. నాకు తెలిసినవాళ్లలో ఒక్కరి లైసెన్సూ పోలేదు. గట్టిగా అమలు చేసి ఉంటే హన్మకొండ చౌరస్తాలో సగం బండ్లు ఉండేవి కావు. మేడారం జాతర డ్యూటీల్లో నిద్ర లేకుండా నడిపినప్పుడు కూడా నేను స్పీడోమీటర్ మీద కన్ను తీయలేదు. ఎందుకంటే జరిమానా అయితే జీతంలోంచి కట్టొచ్చు, లైసెన్సు పోతే జీతమే ఉండదు.

సరే, మీ తమ్ముడి సంగతి. మొదటిసారి అయితే, లిమిట్ మీద 30 మైళ్లు దాటకపోతే లాయర్ అవసరం లేదు. దాటి ఉంటే, లేదా పాత టికెట్లు ఉంటే పెట్టుకోమనండి. ఈ సున్నా పాయింట్ల దారి ఐదేళ్లలో రెండుసార్లే, మూడోసారికి 4 పాయింట్లు పడతాయి. ఈ మధ్య చాలా కోర్టులు వీడియోలోనే నడుస్తున్నాయంట. వీడియో అయినా సరే, మంచి చొక్కా వేసుకోమనండి. మావాడు ఆ రోజు కాలర్ లేని టీ షర్టుతో బయల్దేరాడు. నేనే వెనక్కి పంపి, పెళ్లిచూపులకని కుట్టించిన తెల్ల చొక్కా వేయించా.