చెవి కొవ్వొత్తి పక్కన పెట్టి, ముందు వినికిడి పరీక్ష చేయించుకోండి

ప్రశ్న: నా వయసు 46. ఐదు రోజుల క్రితం నిద్ర లేచేసరికి కుడి చెవి మూసుకుపోయినట్లు అనిపించింది. చెవిలో హోరు కూడా ఉంది. గులిమి అనుకుని షాపులో అమ్మే చెవి కొవ్వొత్తి (మైనం పట్టించిన గుడ్డ గొట్టం; ఒక కొన చెవిలో పెట్టి రెండో కొన వెలిగిస్తారు) రెండుసార్లు వాడాను. కాలాక గొట్టంలో గోధుమరంగు పొడి కనిపించింది గానీ వినికిడి మెరుగుపడలేదు. ఇది నిజంగా గులిమిని లాగుతుందా? ఇంకా ఎన్నిసార్లు వాడాలి?

జవాబు: ఇక వాడకండి. అయితే మీరు రాసిన వాటిలో నన్ను కలవరపెట్టింది కొవ్వొత్తి కాదు, ఒక్క చెవిలోనే ఉన్నట్టుండి వినికిడి తగ్గి ఐదు రోజులు గడిచిపోవడం. ఇది గులిమి వల్ల కావచ్చు. కానీ లోపలి చెవి, వినికిడి నరం దెబ్బతిన్నా మొదట్లో సరిగ్గా ఇలాగే, చెవిలో దూది కుక్కినట్లే ఉంటుంది. రెండోదైతే స్టీరాయిడ్ చికిత్సను ఎంత త్వరగా, వీలైనంతవరకు రెండు వారాల్లోపు మొదలుపెడితే వినికిడి తిరిగి వచ్చే అవకాశం అంత మెరుగ్గా ఉంటుంది. చెవిని చూడకుండా మీది ఏదో నేను చెప్పలేను. ఈఎన్‌టీ వైద్యులు చెవి లోపల చూసి, ట్యూనింగ్ ఫోర్క్‌ను (తడితే మోగే లోహపు పరికరం) మోగించి నుదుటిపై ఆనిస్తారు. గులిమి అడ్డుపడితే ఆ శబ్దం సాధారణంగా మూసుకున్న చెవిలో, నరం దెబ్బతింటే బాగున్న చెవిలో ఎక్కువగా వినిపిస్తుంది. ఆ తర్వాత ఆడియోమెట్రీతో, అంటే యంత్రంతో వినికిడిని కొలిచే పరీక్షతో నిర్ధారిస్తారు. ఈ పరీక్షలకు ఎంతోసేపు పట్టదు. అయినా చాలామంది చుక్కల మందులతో, ఇటువంటి ప్రయోగాలతో రెండు మూడు వారాలు గడిపి, చికిత్స ఫలించే సమయం దాటిపోయాక మా దగ్గరకు వస్తున్నారు. మీరు కూడా మొదటి రోజే వెళ్లి ఉండవలసింది.

ఇక మీరు చూసిన పొడి గులిమి కాదు, కాలిన మైనం, గుడ్డ మిగిల్చిన మసి. కొవ్వొత్తిని చెవిలో పెట్టకుండా విడిగా కాల్చినా అదే మిగులుతుంది. 1996లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో ఈ కొవ్వొత్తులు ఎలాంటి పీల్పునూ కలిగించలేదని, గులిమిని తీయకపోగా కొందరి చెవుల్లో మైనం పేరుకుందని తేలింది. అదే అధ్యయనంలో 122 మంది ఈఎన్‌టీ వైద్యులను విచారించగా, కాలిన గాయాలు, కర్ణభేరికి చిల్లుపడటం వంటి 21 సంఘటనలు బయటపడ్డాయి. కాబట్టి మీ చెవిలోనూ మైనం పడిందేమో చూడమని వైద్యులకు తప్పకుండా చెప్పండి. కర్ణభేరి చెక్కుచెదరకుండా ఉందని తెలిసేవరకు నూనె గానీ, గులిమి కరిగించే చుక్కలు గానీ వేయవద్దు, పిన్నులు, పుల్లలు పెట్టవద్దు.

రేపటికి వాయిదా వేయకుండా ఈరోజే ఈఎన్‌టీ వైద్యులకు చూపించుకోండి. స్టీరాయిడ్లతో రక్తంలో చక్కెర, రక్తపోటు పెరగవచ్చు గనుక మధుమేహం, బీపీ ఉంటే ముందే చెప్పండి. ఆ మాత్రలను సొంతంగా కొని మింగవద్దు. ఈలోగా తీవ్రంగా కళ్లు తిరిగినా, ముఖం ఒకవైపు వాలినా, మాట తడబడినా నేరుగా ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లండి.