తోడేలు పట్టింది చూశాం, మరి మంచు చంపిన వాటి లెక్క?

ప్రశ్న: పోయిన జూన్‌లో ఇండియా నుంచి వచ్చిన అత్తయ్య, మామయ్యలతో కలిసి అలాస్కాలో డెనాలీ నేషనల్ పార్క్ చూడ్డానికి వెళ్లాం. ఇగ్లూ క్రీక్ దాటాక డ్రైవర్ బస్సు ఆపాడు. రోడ్డు పక్కన వాగు రాళ్ల మీదుగా ఒక పది తెల్ల గొర్రెలు అవతలి కొండ వైపు పరుగు, వెనకాలే తోడేలు, మా కళ్ల ముందే ఒకదాన్ని పట్టేసింది. మా ఎనిమిదేళ్ల బాబు ఆ రాత్రి అన్నం ముట్టలేదు. రోడ్డు పక్కనే ఇలా జరుగుతుంటే పార్క్ వాళ్లు తోడేళ్లని ఎందుకు తగ్గించరు? ఇలా అయితే ఆ అడవి గొర్రెలు మిగులుతాయా?
— ఒక పాఠకురాలు, సియాటిల్

జవాబు: ముందు బాబు సంగతి అమ్మా. వాడికి ఇది చెప్పండి. కథల్లో మాంత్రికుడి ప్రాణం చిలకలో ఉంటుంది కదా, అలా మీరు చూసిన ఆ తెల్ల అడవి గొర్రె, దాన్ని డాల్ గొర్రె అంటారు, దాని ప్రాణం కొండచరియలో ఉంటుంది. నిటారుగా ఉన్న రాతి మీద అది నిలబడిందంటే తోడేలు కింద నుంచి చూసి వెళ్లిపోవాల్సిందే. కానీ చలికాలం మేసే కొండలు వేరు, ఎండాకాలం మేసే కొండలు వేరు, మధ్యలో చదునైన లోయ దాటి తీరాలి, ఆ కాసేపే దానికి గండం. మీరు చూసింది సరిగ్గా ఆ కాసేపే. ఆ పది గొర్రెల్లో తొమ్మిది అవతలి కొండ ఎక్కేశాయి కదా, బాబుకి అది కూడా గుర్తు చెయ్యండి.

ఇక మీ అసలు ప్రశ్న. ఇది ఆ పార్క్‌లో పాత ప్రశ్నే, దాదాపు తొంభై ఏళ్ల కిందటిది. అసలు ఆ పార్క్ పుట్టిందే ఈ గొర్రెల కోసం. చార్లెస్ షెల్డన్ అని ఒక నేచురలిస్ట్, మాంసం వ్యాపారం కోసం గొర్రెల్ని బళ్లకొద్దీ వేటాడుతుంటే చూడలేక ఏళ్ల తరబడి పోరాడితే 1917లో మౌంట్ మెకిన్లీ పార్క్ అని పెట్టారు, డెనాలీ అన్న పేరు 1980లో వచ్చింది. ఆ తర్వాత 1928-29, 1931-32 చలికాలాలు భయంకరంగా వచ్చాయి, లోతు మంచు, దాని పైన గట్టి ఐసు పొర, గొర్రెలు గిట్టలతో ఎంత తవ్వినా గడ్డి అందక చచ్చిపోయాయి. అదే టైంలో తోడేళ్లు కూడా పెరిగాయి కాబట్టి జనం అంతా తోడేళ్ల మీద పడ్డారు, గొర్రెల్ని కాపాడ్డానికి పెట్టిన పార్క్‌లో తోడేళ్లేంటి, కాల్చెయ్యండి అని.

అప్పుడు 1939లో అడాల్ఫ్ మ్యూరీ అనే బయాలజిస్ట్‌ని పంపించారు, నువ్వెళ్లి నిజం కనుక్కో అని. ఆయన చేసిన పని చదివినప్పుడల్లా నాకు చెయ్యెత్తి దండం పెట్టాలనిపిస్తుంది. తోడేళ్ల గుంపు కాపురం ఉన్న గుంతకి ఎదురుగా రాత్రిళ్లు కూడా కూర్చుని చూశాడు, మిగతా టైం కొండలన్నీ కాలినడకన తిరిగి చచ్చిన గొర్రెల పుర్రెలు ఏరాడు, మొత్తం 829. ఈ పుర్రెలెందుకంటే, గొర్రె కొమ్ము చలికాలంలో పెరగడం ఆగుతుంది, అక్కడ ఒక గీత పడుతుంది, గీతలు లెక్కపెడితే చచ్చిపోయేనాటికి వయసెంతో తెలిసిపోతుంది. తీరా చూస్తే ఎక్కువ శాతం ఏడాది రెండేళ్ల లోపు పిల్లలు, లేదంటే ఎనిమిది తొమ్మిదేళ్లు దాటిన ముసలివి, మధ్య వయసులో పోయిన వాటిలో చాలావాటికి దవడ ఎముక పుచ్చిపోయి ఉంది. నిండు వయసులో ఉన్న ఆరోగ్యమైన గొర్రె తోడేలుకి చిక్కడం చాలా తక్కువ అని తేలింది.

మ్యూరీని తోడేళ్ల భక్తుడు అనుకోకండి. 1945కి పార్క్‌లో గొర్రెలు 500 దాకా పడిపోయినప్పుడు, కొన్ని తోడేళ్లని తీసెయ్యడానికి ఆయన కూడా ఒప్పుకున్నాడు, పదీ పదిహేను అంతే, జాగ్రత్త కోసం. కొన్నేళ్లకి ఆపేశారు, గొర్రెలు మళ్లీ కోలుకున్నాయి, తోడేళ్లూ అక్కడే ఉన్నాయి. నాకు ఆయన మీద గౌరవం ఇక్కడే ఇంకా పెరుగుతుంది, ముందు లెక్కపెట్టాడు, తర్వాత మాట్లాడాడు.

మీ ప్రశ్నలో "రోడ్డు పక్కనే" అన్నారు చూడండి, అది చాలా ముఖ్యం. ఆ పార్క్ మొత్తానికి ఉన్నది ఒక్కటే రోడ్డు, 92 మైళ్లు, గొర్రెలు లోయ దాటే దారులకి అది అడ్డంగా పడింది. బండ్లు వరసగా వస్తుంటే గొర్రెలు రోడ్డు దాటకుండా చదును నేల మీదే తచ్చాడతాయి, అంటే గండం ఉన్న చోట ఇంకాసేపు నిలబడ్డట్టే కదా. తోడేలుకేమో రోడ్డు నడవడానికి హాయి, పొదలు లేవు, గుంటలు లేవు. కాబట్టి ఇప్పుడు అక్కడ తోడేలుని కాదు, ట్రాఫిక్‌ని అదుపులో పెడతారు. 1972 నుంచి ఎండాకాలం సీజన్‌లో 15వ మైలు దాటాక మామూలుగా సొంత కార్లు లేవు, బస్సులే, వాటికీ ఒక లిమిట్ ఉంది, మధ్యలో గొర్రెలు దాటడానికి ఖాళీ దొరికేలా టైమింగ్ చూస్తారు. ప్రిడేటర్ మేనేజ్‌మెంట్, అంటే వేటాడే జంతువుల్ని అదుపులో పెట్టడం అంటే తుపాకీ ఒక్కటే అనుకుంటాం, నా దృష్టిలో ఆ బస్ టైంటేబుల్ కూడా అదే.

ప్రశ్న: సార్, నేను ఫెయిర్‌బ్యాంక్స్‌లో జాబ్ చేస్తాను. ఆఫీసులో వేటకెళ్లేవాళ్లు చాలామంది, గొర్రెలు తగ్గిపోయాయి అంతా తోడేళ్ల వల్లే, స్టేట్ వాళ్లు విమానం నుంచి కాల్చేది కరెక్టే అంటారు. వాళ్లు చెడ్డవాళ్లు కాదు, ఫ్రీజర్ నిండా మాంసం ఉంటేనే చలికాలం గడిచే ఇళ్లు కూడా చూశాను. ఎవరి మాట నమ్మాలి?
— ఒక పాఠకుడు, అలాస్కా

జవాబు: మీరు వాళ్లని చెడ్డవాళ్లు కాదు అని రాశారు, అందుకు సంతోషం తమ్ముడూ, నేనూ అలాగే అనుకుంటున్నా. అలాస్కాలో 1994లో ఒక చట్టం చేశారు, జనం తిండికి వేటాడే జంతువులు తగ్గితే స్టేట్ కలగజేసుకుని పెంచాలి అని. కానీ ఆ చట్టం చెప్పేది దుప్పులు, మూస్, కారిబూ (ఈ రెండూ అక్కడి పెద్ద జింక జాతులు) గురించి, డాల్ గొర్రెల గురించి కాదు, ఈ సంగతి మీ ఆఫీసులో ఎంతమందికి తెలుసో అడిగి చూడండి.

గొర్రెల విషయంలో కథ ఇంకాస్త మెలిక తిరుగుతుంది. అలాస్కా రేంజ్ అనే కొండల వరస మధ్య భాగంలో గొర్రెపిల్లలకి మెడలో సిగ్నల్ ఇచ్చే రేడియో కాలర్లు పెట్టి, ఏది చచ్చినా వెంటనే వెళ్లి ఏం చంపిందో చూశారు. తోడేలు పేరు ముందుంటుంది అనుకుంటాం, తీరా చూస్తే పిల్లల్ని ఎక్కువ తిన్నది కయోటీలు, గోల్డెన్ ఈగిల్ గద్దలు. కయోటీ అంటే మన నక్క కన్నా కొంచెం పెద్దది, తోడేలు కన్నా బాగా చిన్నది, అలాస్కాకి వచ్చిందే గత వందేళ్ల పైచిలుకులో. ఆ కయోటీని అదుపులో పెట్టేది ఎవరు? తోడేలే. కనబడితే తరుముతుంది, దొరికితే చంపుతుంది. ఇప్పుడు మీరు విమానం నుంచి తోడేళ్లని కాల్చేసి కయోటీల్ని వదిలేస్తే గొర్రెపిల్లలకి మేలా కీడా? కయోటీలు ఎంత పెరుగుతాయి అన్నదాన్ని బట్టి ఉంటుంది, గట్టిగా పెరిగితే గొర్రెలకి నష్టమే. ఇంటి ముందు కుక్క మొరుగుతోందని తరిమేస్తే ఆ తర్వాత పందికొక్కులు వచ్చి పడ్డట్టు.

ఇంకో మాట, తోడేళ్ల గుంపు అంటే కుటుంబం, అమ్మా నాన్నా రెండు మూడు ఈతల పిల్లలు. అందులో తల్లినో తండ్రినో కాల్చేస్తే ఒక్కటి తగ్గినట్టు కాదు, ఒక్కోసారి ఆ గుంపే చెదిరిపోతుంది. మ్యూరీ గుంత ఎదురుగా కూర్చుని చూసిన ఈస్ట్ ఫోర్క్ గుంపు ఉండే చోట 70 ఏళ్లకి పైగా సైంటిస్టులు తోడేళ్లని చూస్తూ వచ్చారు. డెనాలీ పార్క్ సరిహద్దు బయట బఫర్ అని కొంత రక్షణ ప్రాంతం ఉండేది, అక్కడ తోడేళ్లని వేటాడకూడదు, ఉచ్చులు పెట్టకూడదు. 2010లో దాన్ని ఎత్తేశారు. 2016లో ఈస్ట్ ఫోర్క్ గుంపు కనబడకుండా పోయింది, గుంత ఖాళీ. బఫర్ ఉన్న ఏళ్లలో పార్క్ రోడ్డు మీద టూరిస్టులకి తోడేళ్లు ఎక్కువ కనబడేవని లెక్కలు కూడా ఉన్నాయి. ఆ గుంపు పోయిందన్న వార్త చదివిన రోజు నాకు నిజంగా బాధేసింది.

గొర్రెలు తగ్గలేదు అని నేననను, చాలా చోట్ల తగ్గాయి. కానీ తగ్గిన ఏళ్లు ఏవో చూడండి, చలికాలంలో మంచు మీద వాన పడి ఐసు కట్టిన ఏళ్లు, వసంతంలో మంచు ఆలస్యంగా కరిగిన ఏళ్లు. మంచుని విమానం నుంచి కాల్చలేం కదా, అందుకే కోపం తోడేలు మీదకి పోతుంది. నా అభిప్రాయం అడిగితే, ఎక్కడో చిన్న మంద ఆఖరి పదుల్లో ఉండి, తోడేలే కారణమని కాలర్లు పెట్టి తేలితే, కొంతకాలం కొన్నింటిని తియ్యడాన్ని నేను కాదనను. అది తేలకుండా లోయలకి లోయలు ఖాళీ చెయ్యడాన్ని మాత్రం ఒప్పుకోను.

ప్రశ్న: మాది నారాయణపేట దిక్కు. మా నాయిన గొర్లు కాస్తడు. ఎక్కడో అడవి గొర్రెల గురించి ఇంత మాట్లాడుతున్నరు, మా మందల పోయిన నెల తోడేలు మూడింటిని కొట్టింది, దాన్నేమన్న చేస్తే కేసు అంటరు. మరి మాకేం చెప్తరు?
— ఒక డిగ్రీ స్టూడెంట్

జవాబు: నీ కోపంలో న్యాయం ఉంది తమ్ముడూ. తెలంగాణలో గొర్రెలు 1.9 కోట్లు, దేశంలోనే ఫస్ట్, ఆంధ్రప్రదేశ్‌లో 1.76 కోట్లు, సెకండ్, ఇది 2019 పశుగణన లెక్క. వాటి వెనక గొంగడి కప్పుకుని రాత్రంతా పొలంలో మంద దగ్గర పడుకునే మీ నాయినలాంటి వాళ్లున్నారు. డెనాలీలో గొర్రె పోతే అడవి లెక్కలో పోతుంది, మీ ఇంట్లో గొర్రె పోతే చెల్లెలి ఫీజు పోతుంది. కాబట్టి అక్కడి మాట తెచ్చి నీకు చెప్పను.

తోడేలు 1972 వన్యప్రాణి చట్టంలో షెడ్యూల్ 1 జంతువు, పులితో సమానం, చంపితే కేసే. విషం అసలు పెట్టొద్దు, దాన్ని మీ కుక్కే ముందు తింటుంది. గొర్రె పోయిన రోజే, కళేబరం కదపకుండా ఫోటోలు తీసి, ఫారెస్ట్ వాళ్లకీ పశువుల డాక్టర్‌కీ చెప్పండి, కాగితం లేకపోతే పరిహారం అడగడానికి ఆధారమే ఉండదు. ఊరకుక్కలు కొట్టి తోడేలు మీదకి పోయేవి కూడా చాలా ఉంటాయి, కాటు ఎక్కడ పడిందో డాక్టర్ చూస్తే తేడా తెలుస్తుంది. గొర్రెపిల్లల్ని వేసే గంపలు, రాత్రి కట్టే వల గట్టిగా ఉన్నాయో లేదో చూసుకోండి, మందకి రెండు మంచి కుక్కలుంటే సగం భయం తీరినట్టే.

లడఖ్ సంగతి ఒకటి చెప్తా, అక్కడి కాపరులు మీలాంటి వాళ్లే కాబట్టి. తోడేళ్ల కోసం వాళ్లు పూర్వం నుంచి రాళ్లతో లోపలికి వాలిన గోడల గుంతలు కట్టేవారు, షాన్‌డాంగ్ అంటారు, లోపల మేకని పెడితే దూకిన తోడేలు బయటికి రాలేదు, పై నుంచి రాళ్లేసి చంపేవారు. 2018లో చుషుల్ ఊరివాళ్లు నాలుగు షాన్‌డాంగ్‌లని వాళ్లంతట వాళ్లే పనికిరాకుండా చేసి, పక్కన ఒక స్తూపం కట్టుకున్నారు. ఊరికే ఒప్పుకోలేదు, వాళ్లతో ఏళ్ల తరబడి కూర్చుని మాట్లాడిన కన్జర్వేషన్ వాళ్లున్నారు, రాత్రి పశువుల్ని పెట్టే దొడ్లకి పైన జాలీ వేసి గట్టి చేసే పని కూడా ఆ ప్రాంతంలో జరిగింది. మన దగ్గర అలా మీ నాయిన పక్కన కూర్చుని మాట్లాడిన ఆఫీసర్ ఎంతమంది ఉన్నారు అన్నదే నా బాధ. మీ మండలంలో గొర్రెల కాపరుల సొసైటీ ఉంటే దాని పేరు మీద కలెక్టర్‌కి ఒక అర్జీ పెట్టండి, ఒక్కరు అడగడం కంటే అది నయం.

ప్రశ్న: వచ్చే ఆగస్టులో అలాస్కా వెళ్తున్నాం. డెనాలీ దాకా వెళ్లే టైం లేదు. దగ్గర్లో ఈ గొర్రెలు కనబడే చోటు ఉందా?
— ఒక పాఠకురాలు, డల్లస్

జవాబు: ఉంది. యాంకరేజ్ నుంచి దక్షిణంగా సెవార్డ్ హైవే మీద వెళ్తుంటే 106వ మైలు దగ్గర విండీ కార్నర్ అని ఒక మలుపు, ఒక పక్క సముద్రపు పాయ, ఇంకో పక్క నిటారు కొండ. అక్కడ రాళ్లలో ఉప్పు లాంటి ఖనిజాలు నాకడానికి గొర్రెలు రోడ్డు దాకా దిగి వస్తాయి, తల్లులూ పిల్లలూ కూడా. కొండ వాటి వీపు వెనకే ఉంటుంది కాబట్టి అక్కడ వాటికి తోడేలు కన్నా కార్లతోనే ఎక్కువ ప్రమాదం. రోడ్డు మీద ఆపకండి, పక్కన పార్కింగ్‌కి వదిలిన చోటే ఆపండి, చిప్స్ లాంటివి వెయ్యకండి, మీ పిల్లల్ని ఆ గొర్రెలకీ కొండకీ మధ్యలోకి మాత్రం వెళ్లనివ్వకండి.